తెర తీసే క్షణం కోసం: తిరుపతి పెళ్లిళ్లలో డీఎస్‌ఎల్‌ఆర్ నుంచి మిర్రర్‌లెస్‌కు

పెళ్లి ఫోటోలు తీసేవాడికి రాత్రంతా ఒక ఎత్తు, తెర తీసే రెండు మూడు సెకన్లు ఒక ఎత్తు. తెర చాటునే వధూవరులు ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెడతారు. గట్టిమేళం అందుకుంటుంది, తెర దిగుతుంది, అక్షింతలు పడుతుంటే ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఆ చూపును మళ్లీ ఒకసారి చూడండి అని అడగలేం. తిరుపతి, తిరుచానూరు, శ్రీకాళహస్తి, చిత్తూరు మండపాల్లో ఏళ్ల తరబడి ఆ చూపు కోసమే కెమెరా మోస్తున్నాను. 2022లో, లోపల అద్దం ఉండే డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా వదిలి, ఆ అద్దం లేని మిర్రర్‌లెస్‌కు మారాను. ఎందుకు మారానో, ఎలా ఎంచుకున్నానో, ఎక్కడ దెబ్బతిన్నానో మొదటినుంచీ చెబుతాను.

నా పాత సరంజామా ఇది: రెండు కెనాన్ 5డి మార్క్ 3 బాడీలు (లెన్సు తీసేస్తే మిగిలే కెమెరాలు), నాలుగు లెన్సులు: 24-70 ఎఫ్ 2.8, 70-200 ఎఫ్ 2.8, 85 ఎఫ్ 1.8, 50 ఎఫ్ 1.8. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ తెరుచుకుంటుంది, వెలుగు ఎక్కువ, స్పష్టంగా పడే లోతు తక్కువ. 2012లో వచ్చిన ఆ బాడీ నాకు ఇల్లు కట్టిపెట్టిన బాడీ. వానలో తడిసింది, పసుపు నీళ్లలో తడిసింది, ఒకసారి అలిపిరి దగ్గర బండి మీద నుంచి జారి కింద పడింది. పనిచేయడం మాత్రం మానలేదు. తోటివారు ఒక్కొక్కరే మారుతున్నా నేను మూడేళ్లు ఆగాను. అవసరం ఏమిటో తేలకుండా లక్షలు పెట్టే స్థితిలో మన వృత్తిలో ఎవరం లేము.

ఆ అవసరం తేల్చుకోవడానికి నేను చేసిన పని ఒక్కటే, ఈ మొత్తం కథలో నాకు బాగా అక్కరకు వచ్చింది కూడా అదే. పది పెళ్లిళ్ల ఫోల్డర్లు తెరిచాను. ఆల్బమ్‌కు ఎంచుకున్నవి వదిలేసి, ముహూర్తం వేళ తీసినవాటిలో పక్కన పడేసిన ఫోటోలను మాత్రమే చూశాను. ఒక్కొక్కటి వంద శాతం పెద్దది చేసి, ఎందుకు పనికిరాలేదో నోటుబుక్కులో రాసుకున్నాను. రెండు సాయంత్రాలు పట్టింది. ఎవరిదో చెయ్యి అడ్డం వచ్చినవి కొన్ని. మధుపర్కాల తెలుపు పూర్తిగా కాలిపోయినవి కొన్ని. అన్నిటికంటే పెద్ద కుప్ప మాత్రం ఫోకస్ తప్పినవే. చేయి వణికిన మసక కాదది. పెళ్లికూతురి నుదుటి మీద బాసికంలోని ముత్యాలు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి, కళ్లు మెత్తబడ్డాయి. ఇంకొన్నింటిలో చెవి దగ్గర జడ కుచ్చులు పదునుగా ఉన్నాయి, ముఖం లేదు. వాటిలో ఎక్కువ భాగం 85 లెన్సుతో, ఎఫ్ 2 దగ్గర తీసినవి.

రెండు మీటర్ల దూరంలో ఉన్న మనిషిని 85 లెన్సుతో ఎఫ్ 2 దగ్గర తీస్తే స్పష్టంగా కనిపించే లోతు ఆరేడు సెంటీమీటర్లే. ముక్కు కొస నుంచి చెవి దాకా కూడా చాలదు. డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఫోకస్ పట్టేది ఫోటో తీసే సెన్సర్ కాదు. పెద్ద అద్దం వెనుక ఉన్న చిన్న అద్దం కొంత వెలుగును బాడీ అడుగున ఉన్న వేరే ఫోకస్ సెన్సర్‌కు పంపుతుంది. లెన్సు నుంచి అక్కడికి ఉన్న దూరమూ, అసలు సెన్సర్‌కు ఉన్న దూరమూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఉండాలి. పదేళ్లు వాడిన బాడీలో, మోటారు అరిగిన లెన్సుతో ఆ తేడా రాక మానదు. మేము వార్తాపత్రికను టేబుల్ మీద ఏటవాలుగా పరిచి, మధ్య వరుసకు ఫోకస్ పట్టి, ఏ వరుస పదునుగా వచ్చిందో చూసి మెనూలో సవరించుకునేవాళ్లం. రెండు బాడీలు, నాలుగు లెన్సులు, అంటే ఎనిమిది సవరింపులు. పైగా 61 ఫోకస్ పాయింట్లూ ఫ్రేము నడుమే గుమిగూడి ఉంటాయి. పెళ్లికూతురి కన్ను ఫ్రేము అంచున ఉంటే, నడిమి పాయింటుతో పట్టి కెమెరాను పక్కకు తిప్పాలి. ఆ తిప్పడంలోనే ఆరేడు సెంటీమీటర్లూ జారిపోతాయి.

మిర్రర్‌లెస్‌లో ఈ చిక్కు మూలంలోనే ఉండదు. ఫోటో తీసే సెన్సరే ఫోకస్ కూడా పడుతుంది. దారి ఒక్కటే కాబట్టి దూరాల తేడా అన్న మాటే రాదు. ఫోకస్ దాదాపు ఫ్రేము అంచుల దాకా అందుతుంది, కన్ను ఎక్కడ ఉందో కెమెరా వెతుక్కుంటుంది. నోటుబుక్కులోని పెద్ద కుప్పకు జవాబు ఇక్కడ ఉంది. అప్పుడు గాని కొనాలన్న నిర్ణయానికి రాలేదు.

ఏది కొనాలన్నది దుకాణంలో నిలబడి తేల్చలేదు. చెన్నై నుంచి రెండు కెమెరాలు వేరువేరు పెళ్లిళ్లకు అద్దెకు తెచ్చాను: సోనీ ఏ7 3, కెనాన్ ఈఓఎస్ ఆర్6. సోనీ 2018 నాటిది, 24 మెగాపిక్సెళ్లు. దాని బ్యాటరీ నన్ను ఆశ్చర్యపరిచింది. తిరుచానూరులో సాయంత్రం ఎదుర్కోలు నుంచి తెల్లవారుజామున తలంబ్రాల దాకా రెండో బ్యాటరీతోనే గడిచిపోయింది. ఇతర కంపెనీల లెన్సులు దానికి దొరికినన్ని మరో దానికి దొరకవు. టామ్రాన్ 28-75 ఎఫ్ 2.8 బరువు అర కిలోకు కాస్త ఎక్కువ, ధర కూడా సొంత కంపెనీ లెన్సుకంటే బాగా తక్కువ. కొత్తగా మొదలుపెట్టే పిల్లలు అడిగితే ఈ మాట ముందు చెబుతాను. కెనాన్ మిర్రర్‌లెస్‌లో లెన్సు తగిలించే అమరికను ఆర్ఎఫ్ మౌంటు అంటారు. ఆర్6 లాంటి ఫుల్ ఫ్రేము (పెద్ద సెన్సర్) ఆర్ఎఫ్ బాడీలకు బయటి కంపెనీల ఆటోఫోకస్ లెన్సులు కరువు, మొదటి రోజే సొంత లెన్సుల ఖర్చుకు సిద్ధపడాలి.

నేను ఆర్6 వైపు మొగ్గడానికి కారణం బీరువాలో ఉంది. కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌ల మౌంటు అయిన ఈఎఫ్‌కు సరిపోయే నాలుగు లెన్సులు ఉన్నాయి. ఈఎఫ్ మౌంటులో లెన్సు నుంచి సెన్సర్‌కు 44 మిల్లీమీటర్లు, ఆర్ఎఫ్‌లో 20. మధ్యలో 24 మిల్లీమీటర్ల ఖాళీ గొట్టం పెడితే సరిపోతుంది. అందులో గాజు ఉండదు కాబట్టి నాణ్యత తగ్గదు, ఫోకస్ కూడా బాడీ సెన్సరే చూసుకుంటుంది. అద్దెకు తెచ్చిన ఆర్6కు నా పాత 85ను తగిలించి, మండపం మెట్ల మీద కూర్చున్న మా అసిస్టెంటు ముఖానికి పెట్టాను. అతను తల తిప్పాడు, లేచాడు, నడిచాడు. ఫోకస్ ఎక్కడుందో చూపే నీలం గడి అతని కంటిని వదల్లేదు. తరువాత కెమెరా అతని చేతికి ఇస్తే వ్యూఫైండర్‌లో చూస్తూ, "అన్నా, ఇది మన 85 ఏనా?" అన్నాడు. అదే లెన్సు. ముత్యాలకు ఫోకస్ పెట్టి కళ్లు వదిలేసిన లెన్సే అది.

వెలుగు విషయంలోనూ లెక్క స్పష్టం. వెలుగును ఈవీలలో కొలుస్తారు, అంకె మైనస్‌లోకి దిగేకొద్దీ చీకటి. 5డి మార్క్ 3 మైనస్ 2 ఈవీ దాకా ఫోకస్ పట్టగలదు. ఆర్6కు కంపెనీ చెప్పే హద్దు, ఎఫ్ 1.2 లెన్సుతో, మైనస్ 6.5. నా ఎఫ్ 1.8 లెన్సుతో అంత రాదు. అయినా వీడియోవాళ్లు లైట్లు ఆపేసి, ఒక్క హోమం వెలుగే మిగిలినప్పుడు కూడా ఫోకస్ అటూ ఇటూ తడుముకోకుండా నిలిచింది.

కొనే ముందు ఒక స్నేహితుడు అడిగాడు: పాతదానిలో 22 మెగాపిక్సెళ్లు ఉంటే, డబ్బు పెట్టి 20కి దిగుతావా అని. న్యాయమైన ప్రశ్నే. ఆల్బమ్ కొలతతో జవాబు వెతుక్కున్నాను. మన దగ్గర నడిచేది 12 బై 36 ఆల్బమ్. ఆర్6 ఫోటో వెడల్పు 5,472 పిక్సెళ్లు. 18 అంగుళాల ఒక పేజీ నిండా వేస్తే అంగుళానికి 304 వస్తాయి, ముద్రణకు నిండుగా సరిపోతుంది. రెండు పేజీలూ కలిపి 36 అంగుళాలకు ఒకే ఫోటో పరిస్తే 152కు పడిపోతుంది. అలాంటి షీటు ఆల్బమ్‌లో ఒకటో రెండో ఉంటాయి, వాటిని చేయి చాచిన దూరం నుంచే చూస్తారు. ముద్రించి చూశాను, పాతదానికీ దీనికీ తేడా మా ఇంట్లో ఎవరూ పట్టలేదు. పిక్సెళ్ల బెంగ అక్కడితో పోయింది.

బరువు లెక్క మాత్రం అందరూ చెప్పేదానికి వేరుగా తేలింది. 5డి మార్క్ 3 బ్యాటరీతో 950 గ్రాములు, 70-200 పాతది 1,490. కలిపితే 2,440. ఆర్6 680, గొట్టం 110, అదే లెన్సు: 2,280. తగ్గింది 160 గ్రాములు, అంటే ఒక 50 లెన్సు బరువు. మిర్రర్‌లెస్ అంటే తేలిక అనుకుని కొని, పాత లెన్సులే వాడేవారి భుజానికి ఒరిగేది ఇంతే. ఏడాది తరువాత 70-200ను అమ్మి ఆర్ఎఫ్ లెన్సు తీసుకున్నాను, అది 1,070 గ్రాములు. అప్పుడు కుడి భుజం మీద బరువు 1,750కి దిగింది. రాత్రి ఎనిమిదింటికి ఎత్తుకున్న బరువు తెల్లవారి ఆరింటికి దించేవాడికి ఆ దాదాపు 700 గ్రాములు ఎంతో నడుముకే తెలుస్తుంది. 24-70 మాత్రం ఇప్పటికీ పాతదే. దానిలో వణుకు ఆపే ఏర్పాటు లేదు, ఆర్6 బాడీలో ఉంది. బాడీ మార్చగానే ఆ లెన్సుకు కొత్త ప్రాణం వచ్చింది. కపిలతీర్థం జలపాతం ముందు స్టాండు లేకుండా పావు సెకను పెట్టి నీటిని పాలలా తీశాను. కదిలే మనుషులను అది ఆపదు. తలంబ్రాలప్పుడు 1/250 కంటే తగ్గితే ఏ ఏర్పాటూ కాపాడదు.

ఇక దెబ్బ సంగతి. కొన్న మొదటి నెలలోనే తిన్నాను, తప్పు పూర్తిగా నాది.

మంత్రాల మధ్య షట్టర్ టకటకలు పంతులుగారికి ఎప్పుడూ ఇబ్బందే. ఒకరిద్దరు చెయ్యెత్తి ఆపమన్న సందర్భాలూ ఉన్నాయి. ఎలక్ట్రానిక్ షట్టర్ పెడితే చప్పుడే ఉండదని తెలిసి, ఆ రాత్రి దాన్నే పెట్టుకున్నాను. వేదిక వెనుక గోడంతా ఎల్‌ఈడీ తెర. మండపం బయట పరీక్షించాను గాని వేదిక మీద పరీక్షించలేదు. వధూవరుల మధ్య తెర దిగింది, వరుసగా తీశాను, ఇద్దరి కళ్లూ పడ్డాయి. తరువాత ఒక మూల కూర్చుని వెనక్కి తిప్పి చూస్తే, ప్రతి ఫోటోలో అడ్డంగా నల్లటి చారలు. పెళ్లికూతురి చెంప మీదుగా ఒకటి, పెళ్లికొడుకు భుజం మీదుగా ఒకటి.

కారణం ఇది. మన కరెంటు 50 హెర్ట్జ్. సాధారణ ఎల్‌ఈడీ దీపం సెకనుకు వంద సార్లు మినుకుమంటుంది, ఎల్‌ఈడీ తెరలు ఇంకా వేగంగా. కంటికి తెలియదు. ఎలక్ట్రానిక్ షట్టర్ ఫోటోను ఒక్కసారిగా తీయదు, పైనుంచి కిందికి వరుస తరువాత వరుసగా చదువుతుంది. చదివే ఆ కాస్త సమయంలో దీపం వెలిగి ఆరితే, వెలిగినప్పటి వరుసలు తెల్లగా, ఆరినప్పటివి నల్లగా పడతాయి. మెకానికల్ షట్టర్ ఆ పని చాలా త్వరగా ముగిస్తుంది కాబట్టి చారలు తక్కువ. 1/100 లేదా 1/50 పెడితే, దీపం మినుకు మొత్తం ఒక్కో వరుసలోనూ ఇమిడి, సమానంగా వస్తుంది.

ఆ రాత్రి నన్ను కాపాడింది రెండో వైపు మా అసిస్టెంటు చేతిలో ఉన్న పాత 5డి. అతని కోణం నుంచి తెర దిగడం శుభ్రంగా పడింది. నా ఫోటోల్లో చార ముఖానికి తగలనివి కొన్ని నలుపు తెలుపుగా మార్చి నిలబెట్టాను. ఆల్బమ్ ఇచ్చే రోజు పెళ్లికూతురి తండ్రికి పాడైనవి కూడా చూపించి, జరిగింది చెప్పాను. ఆయన చాలాసేపు చూసి, "పోనీలే బాబూ, అమ్మాయి నవ్వు పడింది కదా" అన్నారు. ఆయన మంచితనం నా పొరపాటును చిన్నది చేయదు. అప్పటినుంచి వేదిక ఎక్కగానే నా మొదటి పని తెల్ల పంచె కట్టుకున్న ఎవరినైనా నిలబెట్టి, వాడబోయే షట్టర్ వేగంతోనే నాలుగు ఫోటోలు తీసి, పెద్దది చేసి చూడటం. నిశ్శబ్ద షట్టర్ పగటి వెలుగుకూ, నూనె దీపాల వెలుగుకూ మాత్రమే. ఆర్6లో ఎలక్ట్రానిక్ షట్టర్‌తో ఫ్లాష్ కూడా వెలగదని గుర్తుంచుకోవాలి.

చూడటం అన్న మాట దగ్గరికి వద్దాం, ఎందుకంటే నాకు ఈ కెమెరాతో వచ్చిన అసలు సంతోషం అక్కడే ఉంది. డీఎస్‌ఎల్‌ఆర్ వ్యూఫైండర్‌లో కనిపించేది ఎదుట ఉన్న లోకం. మిర్రర్‌లెస్‌లో కనిపించేది రాబోయే ఫోటో. మధుపర్కాలు తెల్లటివి. కెమెరాలో వెలుగు కొలిచే మీటర్‌కు తెలుపూ తెలియదు, నలుపూ తెలియదు, ఏది చూపినా నడిమి బూడిద రంగు చేయాలని చూస్తుంది. వెనుక చీకటి ఎక్కువైతే తెలుపును కాల్చేస్తుంది. పాత కెమెరాతో అంచనా వేసి, తీసి, వెనుక స్క్రీను చూసి, సవరించి, మళ్లీ తీసేవాణ్ణి. ఇప్పుడు అంచు జరీ పోగులు కరిగిపోవడం తీయకముందే కనిపిస్తుంది, బొటనవేలితో చక్రం రెండు మెట్లు తిప్పితే తిరిగి వస్తాయి. ఫ్లాష్ ట్రిగ్గర్ పెట్టినప్పుడు మాత్రం కొన్నింటితో వ్యూఫైండర్ నల్లబడిపోతుంది, రాబోయే ఫోటో వెలుగును ముందే చూపే ఎక్స్‌పోజర్ సిమ్యులేషన్‌ను మెనూలో మనమే ఆపుకోవాలి. ఈ చిన్న విషయం తెలియక మొదటి ఫ్లాష్ పెళ్లిలోనే కెమెరా పాడైందని భయపడినవారిని చూశాను.

దీనికి అసలు పరీక్ష పెళ్లిలో జరగలేదు, మేలో తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో జరిగింది. అక్కడ భక్తులు రోజుకో వేషం కడతారు. అది నాకు కిరాయి పని కాదు, ఏటా నా కోసం తీసుకుంటాను. బైరాగి వేషం రోజు ఒళ్లంతా తెల్ల సుద్ద. బండ వేషం రోజు కుంకుమ. తోటి వేషం రోజు బొగ్గు. మీటర్‌ను మూడు వైపులా లాగే మూడు రంగులు, నెత్తిన మే నెల ఎండ. తెలుపు, నలుపు వ్యూఫైండర్‌లో చూస్తూనే సర్దుకున్నాను. కుంకుమ దగ్గరే కొత్త పాఠం దొరికింది. చూపుకు వెలుగు సరిగ్గానే ఉంది, మామూలు హిస్టోగ్రామ్ (ఫోటోలో చీకటి ఎడమకు, వెలుగు కుడికి చూపే గ్రాఫు) కూడా నడుమనే ఉంది. మూడు రంగులు విడివిడిగా చూపే హిస్టోగ్రామ్ పెట్టుకుంటే ఎరుపు ఒక్కటే కుడి గోడకు ఆనుకుని ఉంది. అంటే ఆ మనిషి ఛాతీ మీద కుంకుమ పలుచగా పడినచోటూ, పొరలు పొరలుగా గడ్డకట్టినచోటూ ఫోటోలో ఒకే ఎర్రటి ముద్ద అవుతుంది. వెలుగు ముక్కాలు స్టాప్ (వెలుగు మెట్టులో ముప్పావు) తగ్గించాను. పొరలు కనిపించాయి, వాటి మధ్య చెమట దారులు కనిపించాయి. ఎన్నో ఏళ్లుగా ఎర్రటి ముద్దలే తీస్తున్నానని ఆ రోజే తెలిసింది.

కన్ను పట్టే ఫోకస్ అక్కడ అన్నివేళలా నిలవలేదు. వేపమండలు ముఖానికి అడ్డం ఊగుతుంటే వెనుక నడిచే మనిషి కంటికి దూకింది. అలాంటప్పుడు ఒక్క పాయింటుకు మారిపోవాలి. ఆ మార్పును వెనుక బటన్ ఒకదానికి పెట్టుకున్నాను. సుద్ద, కుంకుమ గాలిలో ఎగిరేచోట లెన్సు మార్చకూడదు. అద్దం అడ్డు లేదు కాబట్టి సెన్సర్ నేరుగా బయటపడుతుంది. రెండు బాడీలకు రెండు లెన్సులు ఇంట్లోనే తగిలించి బయలుదేరతాను.

బ్యాటరీ సంగతి క్లుప్తంగా: పాత కెమెరాతో రాత్రికి రెండు, ఇప్పుడు నాలుగు. పాత బ్యాటరీలే ఇందులోనూ పడతాయి, వరుసగా తీసే వేగం కొంత తగ్గుతుంది అంతే. కార్డులు రెండూ పెట్టి, ప్రతి ఫోటో రెండింటిలోనూ పడేలా చూస్తాను. ఇందులో రాజీ లేదు.

చిత్తూరులో నాకు పని నేర్పిన గురువుగారు ఉన్నారు. ఫిలిం రోజుల్లో స్టూడియో నడిపారు, ఇప్పుడు మూసేశారు. ఆయన బీరువాలో కెనాన్ ఏఈ-1, దాని ఎఫ్‌డీ 50 ఎఫ్ 1.4 లెన్సు ఉన్నాయి. 1987లో కెనాన్ ఎఫ్‌డీ మౌంటు వదిలి ఈఎఫ్‌కు మారింది. ఎఫ్‌డీకి కావలసిన దూరం 42 మిల్లీమీటర్లు, ఈఎఫ్ బాడీలో 44 ఉంటుంది. ఆ రెండు మిల్లీమీటర్ల వల్ల, మధ్యలో మరో గాజు పెడితే తప్ప, నా డీఎస్‌ఎల్‌ఆర్‌తో ఆ లెన్సు దూరంగా ఉన్నదేదీ ఫోకస్ పట్టలేకపోయేది. ఆర్ఎఫ్‌లో దూరం 20 మాత్రమే కాబట్టి 22 మిల్లీమీటర్ల ఖాళీ గొట్టం చాలు. అది తెప్పించి, లెన్సు లేకున్నా షట్టర్ పనిచేసేలా మెనూలో మార్చి, ఒక ఆదివారం వారింటికి వెళ్లాను. టార్చి వేసి లెన్సు లోపల చూశాం. ఫంగస్ లేదు.

ఆయన కెమెరా కంటికి పెట్టుకుని, "అద్దం లేదంటావు, మరి నాకు కనిపిస్తున్నది ఏమిటి?" అని అడిగారు. సెన్సర్ చూస్తున్నదే మీకు చూపిస్తోంది సార్, అన్నాను. లెన్సు చుట్టూ ఉన్న రింగును వేళ్లతో తిప్పారు. ఫోకస్ పడినచోట ఎర్రటి అంచులు వెలిగేలా పెట్టి ఇచ్చాను. ఆ అంచులు గడప మీదుగా జరిగి, మెట్టు మీద కూర్చుని మల్లెలు కడుతున్న అమ్మగారి దగ్గరికి వెళ్లి, ఆగాయి. ఒక్కసారి నొక్కారు.

"ఇంకొకటి తీయండి సార్" అన్నాను.

"ఎందుకు నాయనా, పడింది కదా" అంటూ కెమెరా నా చేతికి ఇచ్చేశారు.

పెద్దది చేసి చూశాను. రెండు వేళ్ల మధ్య బిగించిన నారపోగు, ముడి పడబోతున్న మల్లెమొగ్గ, గోటి పక్కన పసుపు మరక. ఫోకస్ ఆ ముడి మీదే ఉంది.